రేమండ్ సేనాని

హైదరాబాదు నగరమునకు తూర్పుననున్న నాగోలు నుండి కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగరు చేరి, అచ్చటినుండి మలక్‌పేట వైపు సాగు బాటసారికి త్రోవలో మూసారాంబాగ్ అను పేట ఎదురగును. మెట్రో రైలు నిలుచు స్థానములలో ఒకదానికి సైతము అదే పేరు. ప్రతిదినము వేలకొలది జనులు ఆ పేరు పలుకుచుందురు. మూసారాం అనగానే పూర్వమెవ్వరో రామభక్తుడైన షావుకారు అచ్చట తోట వేయించి యుండునని తోచుట సహజము. అయితే మూసారాం తెలుగువాడు కాడు, హిందువు కాడు, ముసల్మానును కాడు. సముద్రముల కావలనున్న ఫ్రాన్సు దేశమున పుట్టి, నిజాము కొలువున సేనానియై, ఈ గడ్డపైననే కన్నుమూసిన పరదేశీయుడు. అతని పేరు రేమండ్. ఫ్రెంచివారు గౌరవార్థము పురుషుల పేరునకు ముందు మస్యూ అని చేర్చుదురు. మస్యూ రేమండ్ అను ఆ పిలుపు దక్కను సిపాయిల నోట నలిగి నలిగి హిందువులకు మూసారాం అయ్యెను, ముసల్మానులకు మూసారహీం అయ్యెను.

నగర మధ్యమున ఆబిడ్స్ చెంత గన్‌ఫౌండ్రీ అను మరియొక పేట కలదు. దానిని ఉర్దూలో తోప్ కా సాంచా అందురు. తోప్ అనగా ఫిరంగి. సాంచా అనగా మూస, అచ్చు. రేమండ్ ఫిరంగులను పోత పోయించిన చోటు అదియే. ఒక పేట అతని సమాధిని, ఒక పేట అతని పనిని గుర్తుచేయుచున్నవి. యుద్ధములు చేసిన సేనానులు చరిత్రలో పలువురు కలరు. తాను ప్రయోగించు ఆయుధమును తన కన్నుల యెదుటనే కరగించి పోయించిన సేనానులు మాత్రము అరుదు. రేమండ్ జీవితమున తెలిసికొనదగిన విశేషము అదియే.

మిషెల్ జొయాకిం మరీ రేమండ్ 1755వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన ఫ్రాన్సు దేశపు నైరృతి భాగమగు గాస్కొనీలో, సెరిన్యాక్ అను గ్రామమున జన్మించెను. తండ్రి వర్తకుడు. కుమారుని కూడ వర్తకముననే ప్రవేశపెట్టదలచెను. ఇరువది యేండ్ల ప్రాయమున, 1775లో, రేమండ్ తన తమ్మునితో కూడ ఓడ యెక్కి పుదుచ్చేరి చేరి అచ్చట అంగడి పెట్టెను. కాని ఆ కాలము వర్తకమునకు అనుకూలమైనది కాదు. 1778లో ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని యుద్ధము వచ్చి పుదుచ్చేరి ఇంగ్లీషువారి వశమయ్యెను. త్రాసు పట్టవలసిన యువకుడు కత్తి పట్టెను. మైసూరు ప్రభువగు హైదరాలీ కొలువున నున్న ఫ్రెంచి పటాలములో చేరి యుద్ధవిద్య నేర్చెను. తరువాత 1783లో ఫ్రాన్సునుండి సేనతో వచ్చిన బుస్సీకి అంగరక్షకోద్యోగియై కాప్టెను పదవి పొందెను.

బొబ్బిలి యుద్ధకథ విన్నవారికి బుస్సీ పేరు క్రొత్తది కాదు. 1757లో బొబ్బిలి కోటను ముట్టడించిన ఫ్రెంచి సేనాని యీతడే. అంతకు పూర్వమే హైదరాబాదు దర్బారున సలాబత్ జంగునకు అండయై నిలిచి, ఫిరంగుల బలము దక్కనులో ఎట్టిదో చూపినవాడు. రేమండ్ అతనిని కలిసికొనునాటికి బుస్సీ వృద్ధుడై, రోగపీడితుడై యుండెను. 1785లో పుదుచ్చేరిలో బుస్సీ మరణించెను. పెద్దదిక్కును కోల్పోయిన రేమండ్, తన యజమాని ఒకనాడు వెలిగిన హైదరాబాదునకే దారి పట్టెను.

అప్పుడు హైదరాబాదును పాలించుచున్నవాడు నిజాం అలీఖాను. ఆయన రాజ్యము విశాలమైనదే కాని శత్రువులు చుట్టుముట్టి యుండిరి. పడమట మహారాష్ట్రులు, దక్షిణమున మైసూరు, తూర్పు తీరమంతయు ఇంగ్లీషు కంపెనీ. ఆయన సేనలో గుఱ్ఱపు రౌతులు లెక్కకు మిక్కిలిగా నుండిరి గాని, ఒక్క వరుసలో నిలిచి ఒక్క మాటపై తుపాకి పేల్చు కాలిబలము లేకుండెను. రేమండ్ ఆ లోటు తీర్చుటకు పూనుకొనెను. మొదట అతనికి ఒప్పగింపబడిన సిపాయిలు 300 మంది మాత్రమే. వారి చేతి తుపాకులు కూడ సొంతవి కావు. ఒక వర్తకునియొద్ద తుపాకి ఒకటికి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చినవని చెప్పుదురు. అద్దె తుపాకులతో రాజ్యమును కాపాడుట యెట్లు? యజమాని అడిగిన నాడు తిరిగి యిచ్చివేయవలసినదే గదా! ఇంగ్లీషువారియొద్ద కొందమనిన, వారు అమ్మినంత కాలమే ఆయుధములుండును. ఈ చిక్కు రేమండ్ మనస్సున గట్టిగా నాటియుండవలెను. 1786లోనే హైదరాబాదున ఫిరంగుల పోతశాల వెలసెను.

ఫిరంగి పోయుట యనగా ఏమో కొంత వివరముగా తెలిసికొననిదే ఆ పని గొప్పతనము బోధపడదు. తెలుగుదేశమునకు లోహవిద్య క్రొత్తది కాదు. నిజామాబాదు మండలములోని కోనసముద్రమున మట్టిమూసలలో ఇనుమును కరగించి చేసిన ఉక్కు దేశాంతరములకు ఎగుమతి యగుచుండెను. ఊరూర కంచరులు మైనపు బొమ్మకు మట్టి మెత్తి, మైనమును కరగించి వెడలించి, ఆ బోలులో లోహము పోసి విగ్రహములును గంటలును చేయుచుండిరి. పెద్ద ఫిరంగులును దక్కనునకు ఎరుకే. బిజాపురము కోటపై నున్న మాలిక్-ఇ-మైదాన్ అను ఫిరంగి బరువు 55 టన్నులు. అది 1549లో అహమ్మదునగరమున పోయబడినది. దానిని పోసిన మహమ్మదు బిన్ హుసేను రూమీ తురుష్క దేశపు వాడని అతని పేరే చెప్పుచున్నది. పోతవిద్య ఎప్పుడును ఇట్లే మనుష్యుల వెంట దేశదేశములు తిరిగినది. చేతి పనిలోని మెలకువలు తాళపత్రములలో ఇమిడెడివి కావు.

గుడిగంటకును ఫిరంగికిని మూలలోహము లొక్కటియే: రాగి, తగరము. అయినను వాటి పాలు వేరు. గంటకు నాలుగు పాళ్ల రాగికి ఒక పాలు తగరము చేర్చుదురు. అందువలన లోహము గట్టిపడి ఖంగుమని మ్రోగును. ఆ పాలుతోనే ఫిరంగి పోసినచో మొదటి ప్రేలుడునకే గాజుకుండవలె పగిలి, ఎదుటివారికి మారుగా తనవారినే చంపును. ఫిరంగికి నూరు పాళ్ల రాగికి పది పదునొకండు పాళ్ల తగరమే చాలును. అప్పుడు అది గట్టిదియు, దెబ్బకు ఓర్చునదియు నగును. కనుక గంటలు పోయుటలో తలపండిన కంచరి ఫిరంగి పోయవలెనన్న, తాను నేర్చిన లెక్క కొంత మరచి క్రొత్త లెక్క నేర్వవలసి యుండును. తెలిసినదానిని మరచుట తెలియనిదానిని నేర్చుటకంటె కష్టము.

ఆ కాలమున ఐరోపాలో ఫిరంగి పోయు విధ మిట్టిది. నిడుపాటి దూలముపై గడ్డిత్రాడు దట్టముగా చుట్టి, దానిపై మట్టి మెత్తి, దూలమును త్రిప్పుచు పలకతో గీచి ఫిరంగి ఆకారము తెచ్చెదరు. అది ఆరిన పిదప అంటుకొనకుండ పూత పూసి, దానిపై గుఱ్ఱపులద్దెయు వెండ్రుకలును కలిపిన మెత్తని మట్టిని పొరపై పొరగా మెత్తి, ఒక్కొక్క పొరను సెగ చూపి ఆరబెట్టెదరు. ఇనుపపట్టీలతో బిగించెదరు. తరువాత దూలమును లాగివేసి, త్రాడును విప్పి, లోపలి మట్టిని రాల్చివేయగా ఫిరంగి ఆకారముగల బోలు మిగులును. ఇదియే మూస. దీనిని కొలిమి యెదుట త్రవ్విన గోతిలో నిలువుగా నిలిపి, చుట్టును మన్ను కూరి గట్టిగా దిమ్మిస చేయుదురు. మూసలో తడి చుక్క మిగిలినను ప్రమాదమే. కరగిన లోహము తగులగానే ఆ తడి ఆవిరియై బుస్సున లేచి, నిప్పువంటి ద్రవమును చుట్టు నిలిచినవారిపై చిమ్మును.

కొలిమి నిర్మాణము కూడ విచిత్రమైనది. కట్టెలు ఒక గదిలో మండును. లోహము వేరొక గదిలో నుండును. జ్వాల మాత్రము వంపుకప్పునుండి క్రిందికి మరలి లోహముపై ప్రాకును. రాగి కరగుటకు 1,085 డిగ్రీల వేడి కావలయును. తగరము 232 డిగ్రీలకే కరగును గనుక దానిని ముందు వేసినచో మండి వ్యర్థమగును. రాగి బాగుగా కరగిన పిదప, పోయుటకు కొద్ది ముందుగా మాత్రమే వేయవలెను. ఆ అదను తెలుపు యంత్రము ఆనాడు లేదు. కరగిన లోహపు రంగును, పైతేట కదలికను చూచి పెద్ద మేస్త్రి నిర్ణయింపవలసినదే. అతడు సైగ చేయగనే కొలిమి బెజ్జము తెరచెదరు. లోహము కాలువ వెంబడి పారి మూసలోనికి దిగును. మూస పైభాగమున ఫిరంగి మూతికంటె ఎత్తుగా అదనపు లోహము నిలుచునట్లు చేయుదురు. ఆ బరువు క్రిందిదానిని అదిమి చిక్కపరచును. బుడగలు పైకి చేరును. చల్లారిన తరువాత మూసను పగులగొట్టి, ఆ అదనపు తలను రంపముతో కోసి, గొట్టమును తొలిచి, మందు దట్టముగా కూరి పరీక్షగా పేల్చి చూచెదరు. ఇంత శ్రమయు ఒక్క బుడగ వలన వ్యర్థము కావచ్చును. ఒక మూస ఒక్క ఫిరంగికే పనికివచ్చును గనుక తప్పు జరిగిన, పని మొదటినుండి మొదలు పెట్టవలెను.

ఇట్టి పనికి ఒక్క మేస్త్రి చాలడు. మట్టి పదును తెలిసినవాడు, కొలిమి కాచువాడు, లోహము తూచువాడు, గొట్టము తొలుచువాడు, బండ్లు చేయు వడ్రంగి, చక్రములకు పట్టాలు వేయు కమ్మరి, అందరును ఒక్క చేతివలె మెలగవలెను. నడిపించు మెలకువ ఫ్రాన్సుది యైనను, మట్టి పిసికి లోహము మోసిన చేతులు ఈ దేశపు వృత్తిపనివారివే యనుటకు సందేహింప నక్కరలేదు. వారి పేరు లేవియు మనకు దక్కలేదు. రాజుల పేరులు వ్రాసినవారు కంచరుల పేరులు వ్రాయలేదు. ఇది మన చరిత్రకారులలోని లోపము గాని పనివారిలోని లోపము కాదు. రేమండ్ ఏర్పరచిన కర్మశాలలలో ఫిరంగులు, గుండ్లు, తుపాకులు తయారయ్యెను. అవి తమ ఆయుధములకు తీసిపోవని ఇంగ్లీషువారు సైతము ఒప్పుకొనిరని చెప్పుదురు. శత్రువు మెప్పుకంటె పనివానికి కావలసిన యోగ్యతాపత్రము వేరొకటి లేదు.

సేనయు దినదినాభివృద్ధి చెందెను. రేమండ్ ఫ్రెంచివారిని అధికారులుగా తెప్పించి, దేశీయ సిపాయిలకు ఐరోపా పద్ధతిని కవాతు నేర్పించెను. 1790 మొదలు 1792 వరకు టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధమున నిజాము ఇంగ్లీషువారి పక్షమున నిలువగా, ఒకప్పుడు మైసూరు ఉప్పు తిన్న రేమండ్ ఇప్పుడు మైసూరుపైననే నడువవలసి వచ్చెను. కిరాయి సేనానుల బ్రతుకులో ఇట్టి విపరీతములు తప్పవు.

అతనికి నిజమైన పరీక్ష 1795 మార్చి 11వ తేదీన, నేటి మహారాష్ట్రలోని ఖర్దాయొద్ద వచ్చెను. మహారాష్ట్ర సర్దారులందరు ఏకమై నిజామును ఎదుర్కొనిరి. ఇంగ్లీషువారు తమ పటాలములను తోడు పంప నిరాకరించిరి. రేమండ్ సుమారు 11,000 కాలిబలముతో ధైర్యముగా నిలిచి పోరాడుచుండెను. ఎదుటి పక్షమున కూడ ఫ్రెంచి అధికారులు తీర్చిదిద్దిన పటాలములే యుండుట వింత. గెలుపోటములు తేలకమునుపే నిజాము తన అంతఃపుర స్త్రీల భయమునకు లోబడి ఖర్దా కోటలోనికి మరలెను. రేమండ్ సేనకు వెనుకకు రమ్మని ఆజ్ఞ వచ్చెను. చీకటిలో సైన్యమంతయు చెదరిపోయెను. నిజాము కోటలో చిక్కి, విస్తారమైన భూభాగమును, మూడు కోట్ల రూపాయలను ఇచ్చుటకు ఒప్పుకొని, తన మంత్రిని మహారాష్ట్రులకు అప్పగించి సంధి చేసికొనెను. ఎంత మంచి ఫిరంగి యైనను, వెనుకనున్న మనస్సు గట్టిది కానప్పుడు నిష్ప్రయోజనమని ఆ రాత్రి తేలినది.

ఓటమి కలిగినను రేమండ్ గౌరవము తగ్గలేదు. తనను ఆపత్కాలమున విడిచిన ఇంగ్లీషు పటాలములను నిజాము పంపివేసెను. అదే సంవత్సరము నిజాము పెద్ద కుమారుడు ఆలీజా తండ్రిపై తిరుగబడగా, రేమండ్ వెంబడించి పట్టుకొనెను. ఆ రాకుమారుడు అవమానము సహింపలేక దారిలో విషము త్రాగి ప్రాణము విడిచెను. నిజాము రేమండ్‌నకు అజ్దర్ జంగ్, అజ్దరుద్దౌలా, ముతహవ్వరుల్ముల్క్ అను బిరుదుల నొసగెను. అజ్దర్ అనగా మహాసర్పము. నిప్పు క్రక్కు ఫిరంగుల యజమానికి తగిన బిరుదే. 1796లో ఆయుధశాలలన్నింటిపై అధికారమిచ్చు అమీన్ జిన్సీ పదవి కూడ లభించెను. ఇరువది యేండ్ల క్రిందట పుదుచ్చేరిలో అంగడి పెట్టిన వర్తకుని కొడుకు ఇప్పుడు రాజ్యరక్షణ భారమును మోయుచుండెను.

రేమండ్ బలము ఒక్క హైదరాబాదులోనే లేదు. పుదుచ్చేరిలో మిగిలిన ఫ్రెంచివారితోను, మారిషస్ ద్వీపముతోను, టిప్పు సుల్తాను కొలువులోని స్వదేశీయులతోను అతనికి ఉత్తరప్రత్యుత్తరములు నడచుచుండెనని ఇంగ్లీషువారు అనుమానించిరి. అధికారియు, పనివాడును, వార్తయు ఆ దారులనే రావలసియుండెను. 1789లో ఫ్రాన్సున విప్లవము చెలరేగి రాచరికము పోయినప్పుడు, ఆ క్రొత్త ప్రభుత్వపు మూడు రంగుల పతాకము హైదరాబాదు ప్రక్కనున్న రేమండ్ దండులో ఎగిరెను. అతని సిపాయిల బొత్తాములపై స్వాతంత్ర్యపు టోపీ గుర్తు ముద్రింపబడెను. నిజాము ఉప్పు తినుచు ఫ్రాన్సు జెండా ఎత్తుట న్యాయమా యని అడుగువారు లేకపోలేదు. రేమండ్ నిజామునకు ద్రోహము చేసినట్లు ఎన్నడును రుజువు కాలేదు. స్వదేశమును మరచినవాడును కాడు. ఈ రెండు భక్తులు ఒకదానితో నొకటి ఢీకొను దినము రాకమునుపే అతడు మరణించుట అతని అదృష్టమేమో!

ఇంగ్లీషువారికి మాత్రము ఇది కంటిలోని నలుసు. రేమండ్ పటాలములను నిజాము కడప ప్రాంతమునకు పంపినప్పుడు, మద్రాసు సరిహద్దునకు అది మిక్కిలి చేరువయని వారు గట్టిగా అభ్యంతరము చెప్పిరి. సిపాయిలను లెక్కించుట సులభము. కొని తెచ్చిన తుపాకులను లెక్కించుటయు సులభమే. కాని ఆయుధములు తానే పోసికొనగల రాజ్యమును లెక్కించుట ఎట్లు? ఈనాడు నూరు ఫిరంగులున్నచో వచ్చే యేడు నూటయేబది కావచ్చును.

1798వ సంవత్సరము మార్చి 25వ తేదీన రేమండ్ హఠాత్తుగా మరణించెను. వయస్సు నలువది మూడేండ్లయినను నిండలేదు. విషప్రయోగము జరిగినదని కొందరు, తానే ప్రాణము తీసికొనెనని కొందరు తలచిరి. నిజము నేటికిని తేలలేదు. సేనాపత్యము పిరాన్ అను ఫ్రెంచివానికి వచ్చెను. పిరాన్ కవాతు చేయింపగలవాడే కాని దర్బారును మెప్పింపగల నేర్పు లేనివాడు.

ఆ తరువాతి కథ ఏడు నెలలలో ముగిసినది. రేమండ్ మరణించిన మరుసటి నెలలోనే వెల్లెస్లీ ప్రభువు గవర్నరు జనరలుగా ఈ దేశమున అడుగిడెను. సెప్టెంబరు 1వ తేదీన నిజాముతో సంధి కుదిరెను. దాని ప్రకారము ఫ్రెంచివారిని తొలగించి, వారికి మారుగా ఇంగ్లీషు పటాలములను నిజాము తన ఖర్చుతో పోషింపవలెను. అక్టోబరున తొలగింపు వార్త దండులో పొక్కగానే సిపాయిలు తమ జీతపు బాకీలకై అలజడి చేసి అధికారులనే నిర్బంధించిరి. సర్దిచెప్పబోయిన మాల్కం అను ఇంగ్లీషు ఉద్యోగిని కూడ చుట్టుముట్టగా, పూర్వ మతని పటాలములో పనిచేసిన సిపాయిలు కొందరు గుర్తించి విడిపించిరి. 22వ తేదీ ఉదయమున ఇంగ్లీషు సేన దండును చుట్టుముట్టి ఫిరంగులు గురిపెట్టెను. జీతములు ఇప్పించెదమని మాట ఇచ్చిన పిమ్మట సిపాయిలు ఆయుధములు క్రింద పెట్టిరి. సుమారు 14,000 మంది గల సేన, ఫిరంగుల వరుసలు, నిండిన ఆయుధశాల, అన్నియు కొన్ని గంటలలో పరాధీనమయ్యెను. ఒక్క ప్రాణమైనను పోలేదు. ఫ్రెంచి అధికారులను ఓడ లెక్కించి పంపివేసిరి. రేమండ్ తీర్చిదిద్దిన సిపాయిలలో పలువురు మరుసటి యేడు ఇంగ్లీషు అధికారుల క్రింద శ్రీరంగపట్టణముపై నడచిరి.

రేమండ్ అంత శ్రమించి నిలిపిన సేన ఇంత త్వరగా కూలుటకు కారణమేమి? సంధిపత్రమును, వెల్లెస్లీ చాతుర్యమును కారణములుగా చెప్పుట వాడుక. అవి నిజమే. పోతశాల సంగతి చూచినచో వేరొక కారణమును కనబడును. ఆ విద్య యంతయు ఒక్క మనుష్యుని ఆధారముగా నిలిచినది. ఫ్రెంచి అధికారులు వెడలిపోగానే, దానిని తరువాతి తరమునకు అందించు పాఠశాల గాని, పనివారి సంఘము గాని, వ్రాతపుస్తకము గాని ఇచ్చట మిగులలేదు. ఫ్రాన్సులో అట్లు కాదు. ఒక మేస్త్రి చనిపోయినను రాజకీయ పోతశాలలలో పద్ధతి నిలిచెను. స్విట్జర్లాండువాడైన మారిత్జ్ గట్టిగా పోసిన దిమ్మెను తొలిచి గొట్టము చేయు ఉపాయము కనిపెట్టగా, అది అతని కుమారుల ద్వారా ఫ్రెంచి పోతశాలలకు వ్యాపించెను. ఇచ్చట కంచరి తన కొడుకునకు, అల్లునకు మాత్రమే చెప్పుకొని, గుట్టు గడప దాటనీయలేదు. పరదేశీయుడు తెచ్చిన గుట్టు పరదేశీయులతోనే వెడలెను.

ఆ లోటు తీరుటకు చాల కాలము పట్టెను. భారతదేశపు పోతపరిశ్రమవారు 1950లో కలకత్తాలో తమ సంస్థను స్థాపించుకొనిరి. దానికి హైదరాబాదున కూడ శాఖ యేర్పడెను. ఒక కర్మాగారమున పోత ఎందుకు బుడగలు కట్టినదో మరియొక కర్మాగారపువాడు తెలిసికొనుటకు అట్టి కూటములు తావిచ్చును. 1973లో హైదరాబాదున, కంచన్‌బాగ్‌లో, మిశ్రధాతు నిగమము అను ప్రభుత్వ సంస్థ వెలసి ప్రత్యేకమైన ఉక్కులను, మిశ్రలోహములను తయారుచేయ నారంభించెను. రేమండ్ సమాధినుండి అది కొలది మైళ్ల దూరము మాత్రమే.

నిజాం అలీఖాను రేమండ్‌ను మరువలేదు. నగరమునకు తూర్పున, ఆస్మాన్‌గఢ్ చెంత, ఒక మిట్టపై సమాధి కట్టించెను. విశాలమైన అరుగుపై నల్లరాతి స్తంభ మొకటి మొనదేలి సుమారు 23 అడుగుల ఎత్తున నిలిచియున్నది. దానిపై అతని పేరును సూచించు రెండక్షరములు తప్ప పొగడ్త లేవియు లేవు. ప్రక్కన గ్రీకు పద్ధతిని కట్టిన స్తంభముల మంటపము కలదు. ఏటేట మార్చి 25వ తేదీన సిపాయిలును, చుట్టుపట్ల జనులును అచ్చట చేరి దీపములు పెట్టి ధూపము వేయుచుండిరి. క్రైస్తవుడగు పరదేశీయునికి హిందువులు, ముసల్మానులు కలిసి ఉరుసు చేయుట ఇరువదవ శతాబ్ది పూర్వార్ధము వరకు సాగెను. తమకు కవాతు నేర్పినవాడని తాతలు చెప్పగా మనుమలు వచ్చిరి. ఎవ్వరికో మ్రొక్కుకొనినచో కోరిక తీరునని మరికొందరు వచ్చిరి.

తరువాత ఆ దీపములు ఆరిపోయెను. మిట్ట చుట్టును ఇండ్లు లేచెను. 2001లో వానలకు మంటపము కూలిపోగా, పిదప దానిని మరల నిలిపిరి. నల్లరాతి స్తంభము మాత్రము చెక్కు చెదరలేదు. గన్‌ఫౌండ్రీలో అతని పోతశాల కట్టడము శిథిలమై, అంగళ్ల నడుమ నిలిచియున్నది.